ఫ్యూజు బోర్డుకు బొట్టు

1948 సెప్టెంబరు 13, సోమవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు సీతాఫల్‌మండిలోని మా ఇంట్లో ఫ్యూజు పోయింది. అదే రోజు తెల్లవారుజామున భారత సైన్యం హైదరాబాదు సంస్థానం సరిహద్దు దాటింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని మా మామగారు కన్నుమూసే దాకా నమ్మారు. ఫ్యూజు ఎందుకు పోయిందో నాకు ఆ క్షణానే తెలుసు. ఒకే సాకెట్టుకు ఆయన రేడియో, బల్ల ఫ్యాను, ఇస్త్రీపెట్టె మూడూ కలిపేశారు. రేడియో వార్తల కోసం. ఫ్యాను, వార్తలు చెప్పీ చెప్పీ రేడియో వేడెక్కకుండా. ఇస్త్రీపెట్టె, ఏ సైన్యం వచ్చి తలుపు తట్టినా నలగని చొక్కాతో ఎదురెళ్లాలి కాబట్టి.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఆ ఇంటికి కోడలిగా వచ్చి మూడేళ్ల నాలుగు నెలలు. తేదీలూ గంటలూ రాసి పెట్టుకోవడం నాకు బడి రోజుల నుంచీ ఉన్న జబ్బు. ఆ మూడేళ్ల నాలుగు నెలల్లో మా ఇంట్లో ఫ్యూజు నలభై ఒక్కసార్లు పోయింది. అందులో ముప్పై ఆరుసార్లు మామగారు ఇంట్లో ఉన్నప్పుడే. ఆయన రైల్వేలో సిగ్నళ్ల విభాగంలో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. సిగ్నళ్ల గురించి ఇరవై ఎనిమిదేళ్లు కాగితాలు రాసిన మనిషికి కరెంటు గురించి తెలియనిది ఏముంటుందని ఆయన అనేవారు. జవాబు చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. జవాబు ఆ బోర్డే చెబుతూ వచ్చింది.

బోర్డంటే నడవలో గోడకు కొట్టిన టేకు పలక. దాని మీద నాలుగు పింగాణీ ఫ్యూజులు, కత్తిలా పైకీ కిందికీ కదిలే ఒక ఇత్తడి స్విచ్చు. మూత లేదు. తీగల మీది గుడ్డ తొడుగు చీకిపోయి దారాలు వేలాడుతుండేవి. స్విచ్చు పక్కన ఉన్న మేకుకు మా అత్తగారు ఇంటి తాళాల గుత్తి తగిలించేవారు. ఆ ఇంట్లో ఎవరూ కరెంటు తగిలి చనిపోకపోవడం మామగారి లెక్కలో ఆయన నైపుణ్యం, అత్తగారి లెక్కలో ఆవిడ శనివారాలు. నేను లెక్క తేల్చలేకపోయిన విషయాల్లో అదొకటి.

ఆ సోమవారం మామగారు రాగి తీగను నాలుగు పేటలుగా పేని ఫ్యూజులో బిగించారు. "ఇగ పోదు చూడు" అన్నారు. అప్పటికే వసారాలో వార్తల కోసం వచ్చిన ఇరుగుపొరుగు కూర్చున్నారు. వాళ్లలో మా వెనక వీధి మిస్త్రీ కూడా ఉన్నాడు. యాభై ఐదేళ్లుంటాయి. సీతాఫల్‌మండిలో కరెంటు ఉన్న ఇళ్లలో సగానికి తీగలు లాగింది అతనే. ముస్లిం. ఇంట్లో మాటలూ బజారు మాటలూ అన్నీ తెలుగే. నమాజుకూ కరెంటాఫీసు కాగితాలకూ మాత్రం వేరే భాషలు. నేను చాచా అనేదాన్ని.

అతను లేచి వచ్చి ఫ్యూజును చూశాడు. "సాబ్, ఇది ఫ్యూజు కాదు, మోకు. దీనికి ఎద్దును కట్టొచ్చు."

"నువ్వు రేడియో విననీకి వచ్చినవా, నా ఫ్యూజు చూడనీకి వచ్చినవా?"

"రెండూ ఒక్క తీగ మీదనే ఉన్నయి సాబ్. ఇది కాలితే అది సుత మూగవోతది."

"నీకెందుకయ్యా పరేషాన్? కూర్చో."

మిస్త్రీ కూర్చున్నాడు. మామగారు చెప్పినట్టే ఫ్యూజు పోలేదు. నాలుగు రోజులపాటు పోలేదు. 17వ తేదీ శుక్రవారం సాయంత్రం లొంగుబాటు ప్రకటన వస్తుందన్నారు. మా వసారాలోనూ నడవలోనూ కలిపి ముప్పై రెండు మంది. నేను పిల్లలను కూడా కలిపి లెక్కపెట్టాను. రేడియో గొంతు సవరించుకుంది. ఆ చారిత్రక ఘడియలో, మొదటి వాక్యం సగంలో, బోర్డులోంచి పొగ వచ్చింది. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు. దాని చుట్టూ ఉన్న పలక, తీగలు అంటుకున్నాయి, గోడ సున్నం మాడిపోయింది.

ఎవరు ఎవరికి లొంగారో తెలియకుండానే ముప్పై ఒక్క మంది వీధిలోకి పరిగెత్తారు. మిస్త్రీ ఒక్కడే లోపలికి పరిగెత్తాడు. ఎండు కర్రతో స్విచ్చును కిందికి కొట్టి, మా తులసికోట పక్కనున్న ఇసుక బకెట్టుతో మంట ఆర్పాడు. చరిత్ర తర్వాతి సగాన్ని మేము రెండిళ్ల అవతల అడిగి తెలుసుకోవలసి వచ్చింది. మామగారు వసారాలో నిలబడి, "సర్కారు మారుతుంటే కరెంటుకు సుత తెలుస్తది" అని వివరించారు. వారం తిరక్కుండానే ఆయన హాల్లో ఒక ఫొటో తీసి ఇంకో ఫొటో పెట్టారు. కొత్తది పాతదాని కన్నా రెండంగుళాలు చిన్నది. చుట్టూ పాత సున్నం గీత కనిపిస్తూనే ఉండేది. దాన్ని ఎవరూ చూడనట్టు అందరం నడిచేవాళ్లం.

కరెంటాఫీసు వాళ్లు వచ్చి స్తంభం దగ్గరే మా తీగ కోసేశారు. చెక్క బోర్డు ఇక చెల్లదు, ఇనుప పెట్టెలో కొత్త మెయిన్ స్విచ్చు, కొత్త ఫ్యూజులు పెట్టించుకోవాలి, కొత్త ఇన్‌స్పెక్టరు పరీక్ష చేసి సంతకం పెడితేనే మళ్లీ కలుపుతామన్నారు. మామగారు తానే బిగిస్తానన్నారు. ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి అత్తగారు ఆయన మాటకు అడ్డుపడటం చూశాను. "మీరు జెర ముట్టకుండా ఉండుండ్రి. మిస్త్రీని పిలుస్త" అన్నారు. ఆవిడ తీసుకున్న మంచి నిర్ణయం అది. చెడ్డ నిర్ణయం తర్వాత వస్తుంది.

అక్టోబరు 4న మిస్త్రీ పని షురూ చేశాడు. కాలిన సున్నం గీకుతుంటే నేను దీపం పట్టుకుని పక్కన నిలబడి ప్రశ్నలు అడిగేదాన్ని. ఫ్యూజు తీగ సన్నగా ఎందుకుండాలి, పింగాణీ ఎందుకు, ఇనుప పెట్టె ఎందుకు అని. విసుక్కోకుండా చెప్పేవాడు. ఇన్‌స్పెక్టరు చేతితో తిప్పే యంత్రం తెస్తాడట. దాని మీద ముల్లు ఉంటుంది. తీగల్లోంచి పెట్టెలోకి కరెంటు జారే దారి ఎక్కడా లేకపోతే ముల్లు పైకి లేస్తుంది. ఒక్క చోట తడి ఉన్నా లేవదు.

"తడి అంటే ఎంత చాచా?"

"కన్నీటి చుక్కంత చాలు బిడ్డా."

ఆ పరీక్ష అతనికి ఎందుకు ముఖ్యమో కూడా చెప్పాడు. బొల్లారంలో బ్యారక్‌లకు కొత్తగా తీగలు లాగుతున్నారు. పదకొండు నెలల పని. గుత్తేదారుకు మిస్త్రీ పనితనం తెలుసు. కానీ అతని దగ్గరున్నవన్నీ పాత ప్రభుత్వం ఇచ్చిన కాగితాలు. "అవి చూస్తే మొఖం తిప్పుకుంటున్నరు. కొత్త ఇన్‌స్పెక్టరు సంతకంతోని ఒక్క సాఫ్ రిపోర్టు పట్కరా, పదహారో తారీకు లోపల, అన్నడు. మీ ఇల్లే నా రిపోర్టు." సెప్టెంబరు నుంచి అతన్ని ఎవరూ పనికి పిలవలేదు. ఇంట్లో ఆరుగురు. మా బోర్డు ఒక్కటే వచ్చింది. అందుకే రెండు రోజుల పనిని ఎనిమిది రోజులు చేశాడు. ప్రతి స్క్రూనూ బిగించి, విప్పి, మళ్లీ బిగించాడు.

మధ్యలో దసరా వచ్చింది. 11వ తేదీ మహర్నవమి. రైల్వే ఇళ్లలో ఆయుధపూజ ఎలా చేస్తారో చూసినవాళ్లకే తెలుస్తుంది. కుట్టుమిషను, సైకిలు, కత్తిపీట, మామగారి పాత సిగ్నల్ లాంతరు, ఆయన చేతిగడియారం, నా తిరగలి, అన్నింటికీ పసుపు రాసి బొట్టు పెట్టారు. మొత్తం పందొమ్మిది వస్తువులు. అత్తగారు ఇరవయ్యోదిగా బోర్డు దగ్గరికి వెళ్లారు. అప్పటికి పెట్టె గోడకు బిగించాడే గాని లోపల తీగలు ఇంకా వేలాడుతున్నాయి. ముందు రోజు సాయంత్రం మిస్త్రీ ఒక మాట చెప్పి వెళ్లాడు. "అమ్మా, దీనికి ఇప్పుడొద్దు. పనైనంక పెట్టు."

పాపం, అతను ఆ మాట తప్పించుకోవడానికి అన్నాడు. అత్తగారు దాన్ని మాట ఇచ్చినట్టు తీసుకున్నారు. మూడు రోజులపాటు ఆవిడకు అదే దిగులు. కత్తిపీటకు దక్కిన గౌరవం కొత్త బోర్డుకు దక్కలేదు, దానికి కోపం వస్తుందని. పాత బోర్డు తగలబడింది కూడా రెండేళ్ల కిందటి దసరాకు దానికి బొట్టు మరిచిపోవడం వల్లనేనని ఆవిడ తేల్చారు. నాలుగు పేటల తీగ సంగతి ఆ లెక్కలో లేదు.

14వ తేదీ గురువారం ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు. తొమ్మిదిన్నరకు మిస్త్రీ ఉతికిన లాల్చీ వేసుకుని వచ్చి, పెట్టె మూత తెరిచి, ఫ్యూజులు ఊడదీసి కింద గుడ్డ మీద వరసగా పెట్టాడు. లోపలి భాగాలు ఇన్‌స్పెక్టరుకు స్పష్టంగా కనబడాలని.

"పెద్ద రోడ్డు దాకా పోయి సాబును తోల్కొస్త. కొత్త మనిషి, ఇల్లు దొరకదు. అమ్మా, దీన్ని ఎవరూ ముట్టొద్దు."

"ముట్టం పో" అన్నారు అత్తగారు.

అతను వీధి మలుపు తిరగ్గానే, "పసుపు కలుపు" అన్నారు నాతో.

"అత్తా, చాచా ముట్టొద్దన్నడు గదా."

"పనైనంక పెట్టుమని సుత ఆయనే అన్నడు. పని అయిందా లేదా?"

"లోపల తడి పోతే..."

"వచ్చింది నా ఇంజినీరమ్మ! తొమ్మిది నలభైకి మంచి ఘడియ. పోతది, జల్ది కలుపు."

కలిపాను. చిక్కగా కలిపితే పసుపు దండగ అని రోజూ తిట్టేవారు కాబట్టి పలచగా కలిపాను. అత్తగారు ఇచ్చిన మాటకు కట్టుబడే మనిషి. ముట్టలేదు. ఇనుప మూతకు బయట మాత్రం చేత్తో పసుపు రాసి బొట్టు పెట్టారు. లోపల పింగాణీకి మామిడాకు కొసతో చుక్కలు పెట్టారు. గడప మీద కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్లు నేను ఇత్తడి గ్లాసులో పట్టాను. ఆకుతో మూడుసార్లు పెట్టె లోపలికి చల్లారు. మిగిలినవి నేల మీద పోయకూడదని పెట్టె నెత్తిన పోశారు. గోడ మీద కారినదాన్ని నేను తుడిచాను. లోపల తుడవలేదు. ముట్టొద్దని మిస్త్రీ చెప్పాడు కదా.

పది గంటల ఇరవై ఐదుకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముప్పై ఏళ్ల లోపే, ఎక్కడో కోస్తా నుంచి వచ్చినవాడు. వెనకాలే పరీక్ష చూడటానికి ఎనిమిది మంది ఇరుగుపొరుగు. వీధిలో వేరే వినోదం లేదు. మూత మీద బొట్టు చూసి అతను చెప్పులు విడిచాడు. "శుభం. పూజ కూడా చేశారన్నమాట" అని మెచ్చుకున్నాడు. మిస్త్రీ ముఖం నేను చూశాను. బయటి బొట్టు చూసి అతను నవ్వబోయాడు, అంతలో ఏదో అనుమానం వచ్చి ఆగిపోయాడు. లోపలికి తొంగిచూసే లోపే ఇన్‌స్పెక్టరు తన తీగలు తగిలించి పిడి తిప్పాడు.

"ఇదేమిటయ్యా, ముల్లు లేవడం లేదు?"

"లేవకపోవుడేంది సాబ్? నిన్న తీగ తీగ చూసిన."

"నువ్వే చూడు."

ఇంకోసారి తిప్పాడు. ఇంకోసారి. ముల్లు సున్నా దగ్గర నిద్రపోయింది. మిస్త్రీ పెట్టెలో తల పెట్టి, పింగాణీ గాడిలో వేలు పెట్టి, ఆ వేలు వాసన చూశాడు. తల బయటికి తీసి ముందు అత్తగారిని చూశాడు. తర్వాత నన్ను, నా చేతిలో ఇంకా అలాగే ఉన్న పూజ పళ్లాన్ని చూశాడు.

వెనక నుంచి ఎవరో, "వాళ్ల పని గిట్లనే ఉంటది" అన్నారు. మామగారు అందుకున్నారు. "నేను చేస్తనంటే విన్నరా? ఇప్పుడేమంటవ్ మిస్త్రీ?"

మిస్త్రీ వేలిని భుజం మీది రుమాలుకు తుడుచుకున్నాడు. "తప్పు నాదే సాబ్. తడి చూసుకోలే."

ఇన్‌స్పెక్టరు బల్ల దగ్గర కూర్చుని ఫారం నింపడం మొదలుపెట్టాడు. పది నలభై ఒకటి నుంచి పది నలభై ఐదు దాకా రాశాడు. ఎదురుగా గోడ గడియారం ఉంది. నాలుగు నిమిషాలు. నేను నోరు విప్పితే అత్తగారికి ఎనిమిది మంది ముందు తలవంపులు, నాకు కొన్నాళ్లు వంటింట్లో సూటిపోటి మాటలు. విప్పకపోతే మిస్త్రీకి బొల్లారం పోతుంది. నాకు అప్పుడే తెలుసు. తెలియక ఊరుకున్నానని చెప్పుకునే సౌకర్యం నాకు లేదు. ఆ నాలుగు నిమిషాల్లో అత్తగారు కొబ్బరి ముక్కలు కోసి అందరికీ ప్రసాదం పంచారు. ఇన్‌స్పెక్టరుకు రెండు. మిస్త్రీకి ఒకటి. అతను రెండు చేతులా తీసుకుని కళ్లకు అద్దుకున్నాడు. సాక్ష్యం మొత్తాన్ని అలా అందరూ కలిసి తినేశారు.

'పని నాసి. పదిహేను రోజుల తర్వాత మళ్లీ పరీక్ష' అని రిపోర్టు.

ఆ రోజు సాయంత్రమే మా ఆయనకు చెప్పాను. ఆయన తలుపు దగ్గరగా వేసి, "ఇప్పుడెందుకు? అమ్మ పేరు బజార్ల పడ్తది. పదిహేను రోజులల్ల ఎట్లనో పాసైతది గదా" అన్నారు. మా బోర్డు పాసవుతుంది, నిజమే. బోర్డు పాసవడం, మిస్త్రీకి బొల్లారం పని దక్కడం ఒకటే అన్నట్టు ఆయన అన్నారు, శుక్రవారమంతా నేనూ అలాగే అనుకోవడానికి ప్రయత్నించాను.

16వ తేదీ శనివారం ఉదయం దారం ఉండ కొనుక్కొస్తానని చెప్పి కరెంటాఫీసుకు వెళ్లాను. బడిలో నేర్చిన ఉర్దూలో జరిగింది జరిగినట్టు ఒక పేజీ రాసి పట్టుకెళ్లాను. సమయం, పసుపు, ఆకు, గ్లాసు, అన్నీ. గుమస్తా రెండుసార్లు చదివాడు.

"అమ్మా, ఇది కొబ్బరికాయ మీద ఫిర్యాదా?"

"కాదు. మిస్త్రీ తప్పు లేదని."

"మిస్త్రీ తప్పేనని మిస్త్రీయే ఒప్పుకున్నడని రిపోర్టుల రాసుంది. ఇన్‌స్పెక్టరు సాబ్ క్యాంపుకు పోయిండు, సోమవారం వస్తడు. అప్పటిదాంక దీన్ని ఏ ఫైల్ల పెట్టాలె? కొబ్బరికాయలకు మా తాన ఫైలు లేదు."

ఆఫీసులో నలుగురు నవ్వారు. నవ్వదగిన మాటే. కాగితం తీసుకుని వెనక వీధిలో మిస్త్రీ ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని పనిముట్లకు నూనె రాస్తున్నాడు.

"చాచా, ఆఫీసుల రాసిచ్చిన. తీసుకోలే. ఇది పట్కపోయి గుత్తేదారుకు చూపిస్తవా?"

అతను చదివి, మడిచి, నా చేతికే ఇచ్చాడు. "గుత్తేదారు నిన్ననే వేరేటోన్ని పెట్టుకున్నడు బిడ్డా. నాసి పని అన్న మాట బొల్లారం దాంక నడిచి పోలే, ఉరికింది."

"ఆ రోజు నువ్వే ఎందుకు చెప్పలే? వాసన చూసినవ్. నీకెర్కాయె."

"నేను చెప్తే ఏమంటుండ్రి? మిస్త్రీ పూజకు తప్పువట్టిండు అంటుండ్రి. ఈ దినాలల్ల. పని పోతే ఇంకోటి దొరుకుతది. ఆ మాట వస్తే గీ గల్లీల ఉండనిస్తరా?"

"నేను చెప్తే?"

స్క్రూడ్రైవరు తుడిచి పక్కన పెట్టాడు. "నువ్వు చెప్తే కొబ్బరినీళ్లు అంటుండ్రి. అంతే."

కోపంగా అనలేదు. నేను అడిగిన మిగతా ప్రశ్నలకు చెప్పినట్టే చెప్పాడు. "మీ అత్తను ఏమనకు. మంచి మనసుతోనే చేసింది. చాయ్ తాగుతవా?"

తాగాను. తాగకుండా వచ్చేస్తే ఇంకా బాగుండదనిపించింది. ఇంటికొచ్చాక దారం ఉండ ఏదని అత్తగారు అడిగారు. వీధి గుమ్మంలో నిలబడి, వినదలచుకున్న వాళ్లందరికీ వినపడేలా సంగతి చెప్పాను. రెండు రోజులు ఆలస్యంగా. ఆవిడ నమ్మలేదు. "దేవుని నీళ్లతోని చెడిపోతదా?" అన్నారు. ఇరవై మూడు రోజులు నాతో మాట్లాడలేదు. వీధి కూడా నమ్మలేదు. కోడలికి అత్త మీద ఏదో కసి ఉందని తేల్చింది.

అక్టోబరు 29, శుక్రవారం, మళ్లీ పరీక్ష. తీగల జోలికి ఎవరూ పోలేదు. ఒక్క స్క్రూ కూడా ఎవరూ తిప్పలేదు. నీళ్లు ఎప్పుడో ఆరిపోయాయి, అంతే. పింగాణీ మీద పసుపు మాత్రం మిస్త్రీ ఆ ముందు వారమే వచ్చి తుడిచి, ఫ్యూజులు బిగించి వెళ్లాడు. ఇన్‌స్పెక్టరు పిడి తిప్పగానే ముల్లు పైకి లేచింది. "చక్కటి పని. ఎవరు సరిచేశారు?" అని అడిగాడు. మామగారు చొక్కా సర్దుకుని, తన పర్యవేక్షణలో జరిగిందన్నారు. నేను మిస్త్రీ పేరు చెప్పాను. ఇన్‌స్పెక్టరు తల ఊపి, మొదటి రిపోర్టు ఫైల్లో ఉన్నది ఉన్నట్టే ఉంటుందని, రెండోది దాని కింద కుడతారని చెప్పాడు.

మిస్త్రీ అప్పటికే యాప్రాల్ వైపు ఒక తోటలో నీళ్ల మోటారు చూసుకునే పనిలో చేరాడు. పొద్దున్నే నడిచి వెళ్లేవాడు. మా వీధి వాళ్లు ఇంకో మిస్త్రీని మాట్లాడుకున్నారు. ఆ ఇనుప పెట్టె ఇరవై ఆరేళ్లు పనిచేసింది. అతను బిగించిన ఒక్క స్క్రూ వదులు కాలేదు.

మంట నుంచి రెండో పరీక్ష దాకా, ఆ నలభై రెండు రోజుల్లో పోయినవి: టేకు పలక ఒకటి. పింగాణీ ఫ్యూజులు నాలుగు. రేడియో వాల్వులు రెండు. నడవ గోడకు సున్నం, గజం పొడవు. కొబ్బరికాయ ఒకటి. లొంగుబాటు ప్రకటనలో మొదటి వాక్యం రెండో సగం నుంచి చివరి దాకా. మిస్త్రీకి బొల్లారంలో పదకొండు నెలల పని, సీతాఫల్‌మండిలో ముప్పై ఏళ్ల పేరు.